ఆయిల్‌లో పాత పద్ధతి సొంతంగా నేర్చుకుంటున్నాను, పొరలు వేయడంలో ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి

కాకినాడ కాన్వాస్

అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా బొమ్మలు వేస్తున్నాను, ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. బ్యాంకులో ఉద్యోగం, రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక గంట, ఆదివారం మధ్యాహ్నం ఇంకో మూడు గంటలు, అదే నాకు దొరికే సమయం. మొదటి నాలుగేళ్ళు అక్రిలిక్, రెండేళ్ళ నుంచి ఆయిల్. పడవలు, కొబ్బరిచెట్లు, పూలకుండీలు చాలానే వేశాను, చూసినవాళ్ళు బాగున్నాయన్నారు, రెండు అమ్ముడుపోయాయి కూడా. కానీ నేను ఆయిల్ మొదలుపెట్టింది వాటికోసం కాదు. మా పూజగదిలో తాతగారి కాలం నాటి రవివర్మ లక్ష్మీదేవి పటం ఉంది. అచ్చు పటమే, అంచులు గోధుమరంగుకు తిరిగాయి, అయినా ఆ మోచెయ్యి దగ్గర నీడ, చీర మడత లోపలికి వెళ్ళేచోట రంగు మెల్లగా మారడం చూస్తూ పెరిగాను. అలా వేయాలి నాకు. పొర మీద పొర వేసి ఒళ్ళు లోపల్నుంచి వెలిగినట్టు చూపించే ఆ పాత పద్ధతి రావాలి.

ఇప్పుడు సమస్య. మా మామ్మ బొమ్మ మొదలుపెట్టాను, 18 బై 24 అంగుళాలు. వెనక చీకటిగా ఉండాలని ఐవరీ బ్లాక్‌లో లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) బాగా కలిపి నిగనిగలాడేలా వేశాను. పది రోజులకు చెయ్యి పెడితే అంటలేదు, ఆరిందనుకుని దాని మీద బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), తెలుపు టర్పెంటైన్‌తో పల్చగా చేసి వేశాను. మూడు నెలలయింది. ఎడమ భుజం వెనక సన్నటి పగుళ్ళు వచ్చాయి, పాత పింగాణీ కప్పు అడుగున ఉంటాయి చూడండి, అచ్చం అలాంటి గీతలు. జుట్టు దగ్గర మచ్చలు మచ్చలుగా మెరుపు పోయింది. ముఖమేమో సున్నం కొట్టినట్టు ఉంది, ఎంత తెలుపు కలిపితే అంత నిర్జీవంగా తయారవుతోంది. మామ్మ పోయి నాలుగేళ్ళయింది, ఈ బొమ్మ నాన్నకి ఇవ్వాలని. దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

మసాబ్‌ట్యాంక్

మీరు వివరంగా రాశారు కాబట్టి జవాబు చెప్పడం తేలిక. పగుళ్ళకి కారణం మీ రాతలోనే ఉంది. ఆయిల్ రంగు నీటిరంగులా ఆవిరైపోయి ఆరదు, నూనె గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే చేతికి అంటకపోయినా లోపల నెలల తరబడి ఆరుతూనే ఉంటుంది, ఆరేటప్పుడు కదులుతుంది. మీరు కింద వేసింది నూనె ఎక్కువున్న పొర, అందులోనూ ఐవరీ బ్లాక్, అది అన్నిటికంటే ఆలస్యంగా ఆరే రంగుల్లో ఒకటి. పైన వేసింది టర్పెంటైన్‌తో పల్చబడిన అంబర్, దాంట్లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి అది త్వరగా గట్టిపడిపోతుంది. కిందది ఇంకా కదులుతుంటే పైది బిగుసుకుపోయింది, చిట్లింది.

పాతవాళ్ళ సూత్రం ఒకటే: కింద పొరల్లో నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ కొంచెం కొంచెం ఎక్కువ. మొదటి పొర ట్యూబ్ రంగులో కొద్దిగా టర్పెంటైన్ కలిపి వేయండి, నూనె వద్దు. అలాగని రంగు నీళ్ళలా కారిపోయేంత కలిపినా తప్పే, కాన్వాస్‌ని పట్టుకునే శక్తి పోతుంది. రెండో పొర ట్యూబ్‌లోంచి వచ్చిన రంగు వచ్చినట్టే. ఆ పైన గ్లేజ్‌లకి, అంటే కింది రంగు కనిపించేలా వేసే పల్చటి పొరలకి, మాత్రం కొన్ని చుక్కల లిన్సీడ్.

మెరుపు పోయిన మచ్చలు పెద్ద విషయం కాదు, కింద పొర పై రంగులోని నూనెని పీల్చేసుకుంది. పూర్తిగా అంటకుండా ఆరాక లిన్సీడ్, టర్పెంటైన్ సగం సగం కలిపి మెత్తటి బట్టతో ఆ చోట పల్చగా రాసి, వెంటనే వేరే బట్టతో తుడిచేయండి. రంగు మళ్ళీ పైకి తేలుతుంది. పగిలిన చోట మీద మాత్రం ఇంకో పొర వేయకండి, కింద పగులు పైకి వస్తుంది. ఆ బొమ్మ దాచుకోండి, కొత్త కాన్వాస్ మీద మళ్ళీ మొదలుపెట్టండి. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది.

ఇంకొకటి, లిన్సీడ్ ఎక్కడ కొన్నారు? హార్డ్‌వేర్ షాపులో తలుపులకి వేసే డబుల్ బాయిల్డ్ అయితే వద్దు, త్వరగా ఆరడానికి మందులు కలుపుతారు, కొన్నేళ్ళకి నల్లబడుతుంది.

కాకినాడ కాన్వాస్

హార్డ్‌వేర్ షాపులోదే. రెండేళ్ళ నుంచి అదే వాడుతున్నాను. చాలా థాంక్స్ అండీ, ఇన్నాళ్ళూ ఒక్కరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

బెజవాడ బ్యానర్

అమ్మా, నేను సినిమా బ్యానర్లు రాసినవాణ్ణి. పదిహేనో ఏట మా గురువుగారి దగ్గర డబ్బాలు కడగడంతో మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళు అదే పని, ఫ్లెక్సీ వచ్చాక ఆగిపోయింది. పొడి రంగులు అవిసె నూనెలో కలుపుకుని వాడేవాళ్ళం, ఇరవై అడుగుల ముఖాలు. మీరు అడిగే పాత పద్ధతి పూర్తిగా నాకు తెలియదు, ముఖం సంగతి మాత్రం చెప్పగలను.

మీ ముఖం సున్నం కొట్టినట్టు ఎందుకుందంటే వెలుగు పడినచోటల్లా తెలుపు కలిపారు. వెలుగంటే తెలుపు కాదు తల్లీ. తెలుపు కలిపితే రంగు లేతబడుతుంది, దాంతో పాటు చల్లబడుతుంది కూడా. మన ఒంటి మీద వెలుగు పడితే పసుపు తేలుతుంది, అక్కడ ఎల్లో ఆకర్ (పసుపు మట్టి రంగు) కూడా కలవాలి. మా గురువుగారు ముఖాన్ని అడ్డంగా మూడు పట్టీలుగా చూడమనేవారు. నుదురు పసుపు పట్టీ. బుగ్గలు, ముక్కు, చెవులు ఎరుపు పట్టీ, అక్కడ రక్తం ఎక్కువ. గడ్డం, దవడ చల్లటి పట్టీ, కొంచెం బూడిద, కొంచెం పచ్చ. ఇరవై అడుగుల ముఖంలో ఈ మూడూ గట్టిగా చూపించేవాళ్ళం, మీరు మీ బొమ్మలో ఉండీ లేనట్టు చూపించాలి. వెలుగు నీడలోకి తిరిగే అంచు ఉంటుందే, అక్కడ రంగు బూడిదగా ఉంటుంది, ఆ అంచు సరిగ్గా పడితే ముఖం గుండ్రంగా లేస్తుంది.

అసలు తెలుపు ఎక్కడ పెడతారంటే, కంటిలో చుక్క, ముక్కు కొన, పెదవి తడి, మీ మామ్మగారికి ముక్కుపుడక ఉంటే దాని మీద. అన్నీ చివరి రోజే. ముందు పెట్టేస్తే ఇక ముఖంలో ఏది చూసినా మురికిగానే కనిపిస్తుంది.

ఓరుగల్లు పిల్ల

నేను ఈ మధ్యే మొదలుపెట్టిన, నర్సుగా పనిచేస్తా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది ఒకటే గది, రెండేళ్ళ బాబు ఉన్నడు. టర్పెంటైన్ వాసనకే మా అత్తమ్మకి దగ్గు వస్తుంది. వాసన లేకుండా ఈ పాత పద్ధతి నేర్చుకోవడం కుదురుతదా? ఇంకా పాతకాలం వాళ్ళు సీసం తెలుపు వాడేవాళ్ళని చదివిన, అది కొనాల్నా?

మసాబ్‌ట్యాంక్

సీసం తెలుపు మీ ఇంట్లోకి రానేవద్దు. పాత బొమ్మల్లో ఒంటి రంగుకి ఆ సొగసు కొంత దానివల్లే వచ్చింది, నిజమే, కానీ అది విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు ఆలోచించకూడదు. టైటానియం వైట్ చాలు, ట్యూబ్ మీద పీడబ్ల్యూ 6 అని ఉంటుంది. పీడబ్ల్యూ 4 అంటే జింక్ వైట్, అది మాత్రమే ఉన్న ట్యూబ్ కొనకండి, ఏళ్ళు గడిచాక పెళుసుబారి పొర లేస్తుంది. ఈ నెంబర్లు చదవడం అలవాటు చేసుకుంటే డబ్బులు మిగులుతాయి. పేరు పక్కన హ్యూ అని ఉంటే అసలు పిగ్మెంట్‌కి బదులు చౌక రంగు పెట్టారని అర్థం. మట్టి రంగులు, అంటే ఆకర్, సియెన్నా, అంబర్, ఇవి సహజంగానే చౌక, పాత మాస్టర్లు వాడిందీ ఎక్కువగా వీటినే, కాబట్టి తక్కువ ఖర్చుతో మంచి రకం కొనగలిగేది కూడా వీటినే.

టర్పెంటైన్ లేకుండా నిక్షేపంగా వేయొచ్చు. బ్రష్‌ని బట్టతో తుడిచి, వంటనూనెలో కడిగి, తర్వాత సబ్బుతో బాగా రుద్ది కడగండి. సబ్బు తప్పనిసరి, పొద్దుతిరుగుడు లాంటి వంటనూనె సరిగ్గా ఆరదు, అది రంగులోకి వెళ్ళకూడదు. మొదటి పొరని పల్చగా చేయాలంటే టర్పెంటైన్ బదులు గరుకు బ్రష్‌తో రంగుని కాన్వాస్‌లోకి రుద్దండి.

ముఖ్యమైనది, లిన్సీడ్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది. విప్పి బయట తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేకపోతే నీళ్ళలో తడిపి పారేయండి.

ఓరుగల్లు పిల్ల

మంచం కింద కవర్ల పెట్టిన అన్నా అవి. ఇప్పుడే తీసి బయట ఆరేసిన.

డాలస్ సాయంత్రాలు

నాది గుంటూరు, ఇక్కడ ఉద్యోగం. నాలుగేళ్ళు ఒక చిన్న స్టూడియోలో సాయంత్రం క్లాసులకి వెళ్ళాను, పాత ఫ్రెంచ్ అకాడమీ పద్ధతి. కాకినాడ అక్కా, మీకు నచ్చకపోవచ్చు కానీ చెప్తాను, అక్కడ మొదటి ఏడాదిన్నర నాకు రంగు ముట్టనివ్వలేదు. ముందు బార్గ్ ప్లేట్లు. శార్ల్ బార్గ్ అనే ఆయన జాన్ లియోన్ జెరోమ్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడితో కలిసి 1860ల చివర్లో, 1870ల మొదట్లో తయారుచేసిన డ్రాయింగ్ పాఠాలు, 197 అచ్చు ప్లేట్లు. వాన్‌గో సొంతంగా నేర్చుకునే రోజుల్లో వీటినే కూర్చుని కాపీ చేశాడు. ఒక్క పాదం బొమ్మ నాకు ఐదు వారాలు పట్టింది, రోజూ వెళ్ళి అదే మడమ, అదే వేళ్ళు. ఆ తర్వాత తెల్లటి ప్లాస్టర్ విగ్రహాలు, బొగ్గుతో. ఆ తర్వాత గ్రిసాయ్, అంటే నలుపు తెలుపు బూడిదలతో మాత్రమే ఆయిల్. అప్పుడు గానీ రంగు లేదు.

అంత కాలం ఎందుకంటే గ్లేజింగ్ అనేది తప్పుని దాచదు. కింద వెలుగునీడలు సరిగ్గా లేకపోతే పైన ఎన్ని పొరలు పోసినా రంగు నీళ్ళు పోసినట్టే ఉంటుంది. మీ మామ్మగారి బొమ్మని ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, ఫొటో కూడా అలాగే చేసి పక్కన పెట్టండి. నా అనుమానం, మీ నీడలు చాలినంత చీకటిగా లేవు. అందుకే వెలుగు కోసం తెలుపు మీద తెలుపు పోయాల్సి వచ్చింది.

ఇంకో మాట, గళ్ళు కొట్టడం, ట్రేసింగ్ మానేయండి. దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీసి, దాన్ని బట్టి కంటితో కొలవడం నేర్చుకోండి.

బెజవాడ బ్యానర్

బాబూ, మిగతాదంతా ఒప్పుకుంటాను, గళ్ళ విషయం ఒప్పుకోను. ఇరవై అడుగుల గుడ్డ మీద గళ్ళు కొట్టకుండా ముక్కు ఎక్కడ వస్తుందో ఎవరికీ కనపడదు, నిచ్చెన మీద నిలబడితే ఎదురుగా కనిపించేది ఒక్క కన్నే. గళ్ళు పాతకాలం నుంచీ ఉన్నవే, ఇటలీ వాళ్ళూ వాడారు. గళ్ళు కొట్టినవాడికి బొమ్మ రాదనడం మా పని చేసినవాళ్ళందరినీ తక్కువ చేసినట్టు.

డాలస్ సాయంత్రాలు

బాబాయ్, తక్కువ చేయాలని కాదు, క్షమించండి. నేను చెప్పింది నేర్చుకునే రోజుల గురించి. రోజూ గళ్ళ మీదే ఆధారపడితే కన్ను కొలవడం నేర్చుకోదని నా భయం, నాకు అదే జరిగింది.

బెజవాడ బ్యానర్

అలా అంటే సరే. నేర్చుకునేటప్పుడు కంటితో, బాధ్యతగా ఇవ్వాల్సిన బొమ్మకి గళ్ళతో. ఆ అమ్మాయి నాన్నగారికి ఇచ్చే బొమ్మలో మామ్మగారి పోలిక తప్పకూడదు.

సిక్కోలు గీత

డ్రాయింగ్ మాస్టరుగా పనిచేస్తున్నాను. ప్లాస్టర్ విగ్రహాలు మన ఊళ్ళలో దొరకవని చాలామంది అక్కడే ఆగిపోతారు. నేను మా పిల్లలతో చేయించేది చెప్తాను. వినాయక చవితి ముందు రంగు వేయని మట్టి వినాయకుడు దొరుకుతాడు, జానెడు ఎత్తుది ఒకటి కొని ఆరనివ్వండి. బూడిదరంగు, మెరుపు ఉండదు, ఒక పక్క నుంచి ఒకటే లైటు పెట్టండి. తొండం వంపు దగ్గర వెలుగు నీడలోకి ఎలా తిరుగుతుందో, పొట్ట కింద నేల మీంచి వెనక్కి కొట్టే మసక వెలుగు ఎలా ఉంటుందో, మొత్తం పాఠం అక్కడే ఉంది. కళ్ళు సగం మూసి చూడండి, అనవసరమైన వివరాలు పోయి పెద్ద చీకటి, పెద్ద వెలుగు మిగులుతాయి. ముందు ఆ రెండే వేయండి.

కిటికీ గురించి కూడా. పాశ్చాత్య పుస్తకాల్లో ఉత్తరం కిటికీ వెలుగు రోజంతా మారదని రాస్తారు. మనకి ఏడాదంతా అలా కుదరదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలయ్యే దాకా మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, ఆ రోజుల్లో ఉత్తరం కిటికీలోంచి కూడా నేరుగా ఎండ పడుతుంది. పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టండి. వానాకాలం గాలిలో తేమ ఎక్కువై రంగులు ఆరడం బాగా ఆలస్యమవుతుంది, పది రోజుల లెక్కకి ఇరవై రోజులు ఆగండి. కాన్వాస్ గోడకి ఆనించొద్దు, వెనక బూజు పడుతుంది.

ఓరుగల్లు పిల్ల

నిన్న డ్యూటీ లేకుంటే హైదరాబాద్ పోయి సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చిన (శుక్రవారం సెలవు, చూసుకుని పోండి). యూరప్ బొమ్మల గదిలో కనలెట్టో అనే ఇటలీ చిత్రకారుడు వేసిన వెనిస్ చౌక్ బొమ్మ ముందు అరగంట నిలబడ్డ. దూరం నుంచి చూస్తే మనుషులు నడుస్తున్నట్టే ఉంది, దగ్గరికి పోతే ఒక్కొక్క మనిషి రెండు మూడు బ్రష్ దెబ్బలు, అంతే. ఆ చుక్క ఎక్కడ పెట్టాల్నో అంత కచ్చితంగా ఆయనకి ఎట్ల తెలిసిందో అని ఆలోచిస్తనే బస్సెక్కిన. రవివర్మ అసలు బొమ్మలు కూడా ఉన్నయి. అక్కా, మీరు తప్పకుండా రండి, పటంలో చూసింది వేరు, ఇది వేరు.

మసాబ్‌ట్యాంక్

చాలా మంచి పని చేశారు. రవివర్మ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఆయనకీ ఆయిల్ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తిరువనంతపురం ఆస్థానంలో ఆయిల్ తెలిసిన చిత్రకారుడు ఆయనకి నేర్పడానికి ఇష్టపడలేదని చెబుతారు. 1868లో థియోడర్ జెన్సన్ అనే యూరప్ చిత్రకారుడు రాజకుటుంబం బొమ్మలు వేయడానికి వచ్చినప్పుడు పక్కన నిలబడి చూసే అవకాశం మాత్రం దొరికింది. చూసి, ఇంటికి వెళ్ళి, చేసి, చెడగొట్టి మళ్ళీ చేశాడు. 1873 నాటికి వియన్నా ప్రదర్శనలో బహుమతి. మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావుకి మాత్రం ఓస్వాల్డ్ కూల్డ్రే లాంటి కాలేజీ ప్రిన్సిపాల్ దొరికాడు, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపాడు, కానీ రామారావు 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు. కాకినాడ నుంచి రాజమండ్రి ఎంతో దూరం కాదు, ఆయన పేరు మీదున్న గ్యాలరీకి వెళ్ళిరండి. ఎక్కువ నీటిరంగులే, అయినా గీత చూడండి.

కాకినాడ కాన్వాస్

రెండున్నర నెలల తర్వాత రాస్తున్నాను. అందరూ చెప్పింది కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించుకున్నాను. మొదటి మూడు వారాలు మట్టి వినాయకుడే, బొగ్గుతో పదకొండు సార్లు. ఎనిమిదోసారి తొండం కాగితం మీంచి లేచినట్టు కనిపించింది, ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు. ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూశాను, డాలస్ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం, ఫొటోలో మామ్మ కంటి గుంట నల్లగా ఉంటే నా బొమ్మలో లేత బూడిద.

కొత్త కాన్వాస్‌కి ఇంకో రెండు పూతలు జెస్సో (రంగుకి ముందు వేసే తెల్లటి పూత) వేసి, సన్న గరుకు కాగితంతో రుద్ది, పల్చగా అంబర్ పూత పూసి ఆరబెట్టాను. తెల్లటి కాన్వాస్ మీద ఏ రంగైనా చీకటిగా కనిపించి నన్ను మోసం చేసేది, ఈ గోధుమరంగు మీద వెలుగెంతో నీడెంతో తెలుస్తోంది. గళ్ళు కొట్టి పోలిక పట్టుకున్నాను, బాబాయ్ మాట ప్రకారం. అంబర్, టైటానియం, ఆ రెండే రంగులతో ముఖం మొత్తం పూర్తిచేశాను, నూనె చుక్క కూడా కలపలేదు. ప్రతి పూటా చివర్లో వెనక్కి తిరిగి నిలబడి చిన్న అద్దంలో బొమ్మని తిరగేసి చూశాను, ఎడమ కన్ను కిందికి జారిందని అద్దంలోనే దొరికింది.

నిన్న నాన్న గదిలోకి వచ్చి చూశారు. రంగు లేని బొమ్మ, ముక్కుపుడక చోట ఖాళీగా ఉంది. చాలాసేపు నిలబడి, "అమ్మ పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు ఇలాగే ఉండేది" అన్నారు.

ఇప్పుడు రంగు గ్లేజ్‌లకి ముందు ఎన్నాళ్ళు ఆగాలి? దుమ్ము పడకుండా బీరువా పైన గోడ వైపు తిప్పి పెట్టాను.

బెజవాడ బ్యానర్

చదివి మా ఆవిడకి కూడా చదివి వినిపించానమ్మా. ముక్కుపుడక ఖాళీగా ఉంచావు, మంచి పని. అది ఇప్పుడప్పుడే ముట్టుకోకు. ముందు బుగ్గల ఎరుపు, సియెన్నాతో, ఉండీ లేనట్టు.

మసాబ్‌ట్యాంక్

గోడ వైపు తిప్పకండి! చీకట్లో ఆరితే లిన్సీడ్ పచ్చబడుతుంది. ముఖం వెలుతురు వైపు ఉంచండి, నేరుగా ఎండ వద్దు, దుమ్ముకి భయపడితే పైన అట్ట ముక్క గొడుగులా వంచి పెట్టండి. అంబర్ కాబట్టి త్వరగానే ఆరుతుంది కానీ వానలు తగ్గలేదు, మూడు వారాలు ఆగండి. అప్పుడు కనిపించని మూలలో గోరుతో మెల్లగా నొక్కి చూడండి, గుర్తు పడకపోతే మొదటి గ్లేజ్ వేయొచ్చు. వార్నిష్ మాత్రం పూర్తయ్యాక ఆరు నెలలకి తక్కువ కాకుండా.

కాకినాడ కాన్వాస్

తిప్పేశాను. హాల్లో టీవీ పక్కన పెట్టాను, అక్కడ పగలంతా వెలుతురు ఉంటుంది. చిన్నోడు ముట్టుకోకుండా నాన్న కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు.